మూడక్షరాలు

పర్లాకిమిడిలో రాళ్ళు చెక్కే దైతారి మహారణా
అడిగాడు: ఒడియానా, తెలుగా?
అక్షరానికి నలభై రూపాయలు.
రేపు చెబుతానని కాశీనగర్ బస్సెక్కాను.

నిన్నే అడగాలి అమ్మా, యునీకే,
తిమోతి తల్లి పేరు, తాత వెతికి పెట్టింది.
నీ రేషన్ కార్డు ఒడియా,
బైబిలు తెలుగు,
మందుల చీటీలు ఇంగ్లీషు,
కొండ దిగి వచ్చిన సవర తల్లులతో మాత్రం
ఏ లిపికీ దొరకని చేతుల భాష.

కాన్పు గదిలో ఒక్కటే మాట నీది:
"ఆఉ టికే... ఆఉ టికే..."
ఇంకొంచెం, ఇంకాస్త.
గోడకవతల బెంచీ మీద కూర్చుని
ఎక్కాలన్నీ ఆ దరువు మీదే నేర్చుకున్నాను.
పన్నెండో ఎక్కం సగంలో ఉండగా
లోపల ఎవరో కేర్‌మనేవారు.

సమాధి దగ్గర అందరూ నిన్ను దేవత అన్నారు.
నేననలేదు.
దేవతకి కాళ్ళు వాచవు.
నైట్ డ్యూటీ దిగి, ఉప్పునీళ్ళ బకెట్లో పాదాలు పెట్టి,
ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోదు.
నా పదో తరగతి లెక్కల పరీక్షనాడు
మనింట్లో పొయ్యి వెలగలేదు.
బల్ల మీద రెండు అరటిపళ్ళు, ఓ చీటీ:
"కవలలు. ప్రార్థన చేసుకుని వెళ్ళు."
ప్రార్థన కవలల కోసమా, లెక్కల కోసమా
ఇప్పటికీ తెలీదు.

ఇంకో కోపం కూడా ఉంది, చెప్పేస్తాను.
ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి
మందిరం డబ్బాలో వేసేదానివి,
నాన్న జీతం ఆగిన ఏడాది కూడా.
డబ్బా దగ్గర నీ పిడికిలి పెద్దది,
కుండ దగ్గరకొచ్చేసరికి చిన్నది.
నేను చూశాను.

నెల మొదటి ఆదివారానికి ముందురాత్రి
ప్రభు రాత్రిభోజనం గిన్నెలు ముప్పై ఆరు
సిరంజిలు మరిగించినట్టే మరిగించేదానివి
గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు.
పాస్టరు జయసాగరం గారు నవ్వారొకసారి:
"ప్రభువు రక్తంలో పురుగులుంటాయా సిస్టరమ్మా?"
"ఆయనలో లేవండి. మన మూతుల్లో ఉన్నాయి."

తిత్లీ తుపాను రాత్రి,
నువ్వు రిటైరై అప్పటికి ఆరేళ్ళు,
మందిరం రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే
లోపల నూటయాభై మంది, అందులో ఒకామెకి నొప్పులు.
రెండు బల్లలు జరిపి, నీ చీరే అడ్డం కట్టి,
ఎవరిదో సెల్‌ఫోను వెలుతురులో
గాలికంటే గట్టిగా "ఆఉ టికే".
తెల్లారేసరికి
తడిసిన కీర్తనల పుస్తకాల పక్కన ఓ ఆడపిల్ల.
జనం పాట ఎత్తుకున్నారు.
నువ్వు బల్ల కడుగుతున్నావు,
ఆదివారానికి ఆరాలి కదా అని.

చివరి వారం నీకు గంజి కూడా దిగలేదు.
చెంచా పట్టుకుని నేనన్నాను: "ఆఉ టికే."
నవ్వావు. నా ఒడియాకేమో.
నా మణికట్టు పట్టుకున్నావు.
ఆసరాకనుకున్నాను.
పెదాలు కదులుతుంటే ప్రార్థన అనుకున్నాను.
వంగి వింటే
నలభై ఒకటి, నలభై రెండు...
నా నాడి లెక్కపెడుతున్నావు.

తెలుగే అని ఫోన్లో చెప్పాను.
దైతారికి తెలుగు మాట వచ్చు,
అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటాడు.
నేను చెప్పిన పేరు చెవికి తోచినట్టు
రాతి మీద సుద్దతో రాసి ఉంచాడు:
ఉనికి.
"తప్పుందా?"

దిద్దుదామని సుద్దముక్క తీసుకున్నాను.
బస్సు హారన్ కొట్టింది, ఇంకోటి కొట్టింది.
చేతివేళ్ళు తెల్లబడ్డాయి.
"ఉండనీ," అన్నాను.

"మూడక్షరాలే గదమ్మా,
రేటేం మారదు,"
అన్నాడు దైతారి, ఉలి వెతుక్కుంటూ.